ఏడు నెలలు ఆగిన బండి ట్యాంకులో నీళ్లెక్కడివి?

మా బాబాయి కొడుకు 2025 ఏప్రిల్‌లో కువైట్ వెళ్తూ తన బండిని రాజోలు దగ్గర మా ఊళ్లో, కొబ్బరికాయలు పోసుకునే పాకలో పెట్టి వెళ్లాడు. 2018లో కొన్న కార్బొరేటర్ బండి అది. మీద నీలం టార్పాలిన్ కప్పి, గాలి దూరకుండా తాడుతో బిగించి కట్టాడు. నవంబరులో సెలవు మీద వచ్చి విప్పితే కీ తిప్పినా మీటరు వెలగలేదు. కిక్ కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టింది గాని ఇంజిన్ అందుకోలేదు. మెకానిక్ వచ్చి, కాక్ (ట్యాంకు కింద పెట్రోలు వదిలే, ఆపే కుళాయి) దగ్గర ట్యూబు ఊడదీసి, ట్యాంకులో మిగిలిన పెట్రోలంతా రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలోకి దించి అరుగు మీద పెట్టాడు. ఐదు నిమిషాలు గడిచేసరికి సీసాలో రెండు పొరలు తేలాయి. పైన పసుప్పచ్చ పెట్రోలు, అడుగున నాలుగు వేళ్ల మందాన మసక తెలుపు ద్రవం. మధ్యలో గీత గీసినట్టు హద్దు.

చుట్టూ చేరిన వాళ్లందరిదీ ఒకే మాట: "ఇంకేముంది, ఈ20 పెట్రోలు!"

ఈ20 అంటే ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన పెట్రోలు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ సీసాలో కనిపించిన దాన్నంతా ఆ ఒక్క మాట వివరించదు. నెలల తరబడి బండి ఆపి వెళ్లేవాళ్లు మన దగ్గర లక్షల్లో ఉన్నారు. గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ కుర్రాళ్లు, చదువుకు అమెరికా వెళ్లే పిల్లలు, ఊళ్లో బండి వదిలి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాళ్లు. ఏం చేయాలని వెతికితే దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా, కెనడాల్లో చలికాలం కోసం పుట్టినవి. ట్యాంకు నింపి పెట్టమని అక్కడివాళ్లు చెప్తారు, ఖాళీ చేసి పెట్టమని మన మెకానిక్ చెప్తాడు. బ్యాటరీ తీసేయమని వాళ్లు, వారానికోసారి స్టార్ట్ చేయమని మన పెద్దవాళ్లు. ఎవరూ గాలికి చెప్పడం లేదు. ఒక్కో సలహా ఒక్కో శత్రువును దృష్టిలో పెట్టుకుని పుట్టింది. ఆ శత్రువు మన పాకలో ఉన్నాడా లేడా అన్నదే చూసుకోవాల్సింది.

చలిదేశాల్లో బండిని పడుకోబెట్టడం అంటే

మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియో లాంటి చోట్ల నవంబరు నుంచి మార్చి దాకా రోడ్ల మీద మంచు ఉంటుంది. దాన్ని కరిగించడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లలో నడిపితే బండి ఒక్క సీజన్‌లోనే తుప్పెక్కుతుంది కాబట్టి చాలామంది నాలుగైదు నెలలు గ్యారేజీలో పెట్టేస్తారు. దీన్నే అక్కడ వింటరైజేషన్ అంటారు. మన దేశంలో ఇలాంటి పరిస్థితి కొంతవరకు లేహ్ లాంటి చోట్ల ఉంది. అక్కడ టూరిస్టులకు అద్దెకిచ్చే బండ్లు చలికాలమంతా ఖాళీగా ఉంటాయి.

అక్కడి భయాలు వేరు. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తి చార్జింగ్‌లో ఉంటే లోపలి ద్రవం మైనస్ 60 డిగ్రీల దాకా గడ్డకట్టదు. చార్జింగ్ అయిపోతే ఆ ద్రవం దాదాపు నీరే. సున్నాకి పదిలోపు డిగ్రీల దిగువనే గడ్డకట్టి బ్యాటరీ పెట్టెను పగలగొడుతుంది. అందుకే అక్కడ బ్యాటరీ తీసి ఇంట్లోకి తెచ్చుకుంటారు. రేడియేటర్ ఉన్న బండ్లలో ఉత్త నీళ్లుంటే అవి గడ్డకట్టి ఉబ్బి ఇంజిన్ బ్లాకునే చీల్చగలవు. కాబట్టి నీళ్లను గడ్డకట్టనివ్వని యాంటీఫ్రీజ్ ద్రవం చూసుకుంటారు. మన వీధుల్లో తిరిగే బండ్లలో ఎక్కువ భాగానికి రేడియేటరే ఉండదు, ఆ చలీ లేదు. ఈ రెండు భయాలూ మనకు అక్కర్లేదు.

అయితే చలికి ఒక మంచి గుణం కూడా ఉంది. రసాయన చర్యలన్నిటినీ అది నెమ్మదింపజేస్తుంది. పెట్రోలు మెల్లగా పాడవుతుంది, బ్యాటరీ మెల్లగా దిగుతుంది. మన దగ్గర వేడి ఆ రెండిటినీ తొందరపెడుతుంది. కాబట్టి అక్కడ ఐదు నెలలకు సరిపోయిన ఏర్పాటు ఇక్కడ ఐదు నెలలకు సరిపోతుందని అనుకోవడానికి వీల్లేదు.

పెట్రోలు ఎలా పాతబడుతుంది

పెట్రోలు ఒకే పదార్థం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో బాగా తేలికైనవి ముందు ఆవిరవుతాయి. చల్లటి ఇంజిన్ తొందరగా అంటుకునేది వాటి వల్లే. అవి పోయాక మిగిలిన పెట్రోలు మండుతుంది గాని, మొదటి నిప్పురవ్వకు అందుకోవడానికి మొరాయిస్తుంది. రెండో మార్పు ఆక్సిజన్ వల్ల వస్తుంది. గాలి తగిలిన పెట్రోలు కొద్దికొద్దిగా జిగురు పదార్థంగా మారుతుంది. పాత పెట్రోలుకు వార్నిష్ లాంటి పుల్లటి వాసన రావడం దీనివల్లే.

ట్యాంకులో ఇది నెలల మీద జరిగే పని. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బొరేటర్‌లో మాత్రం వారాల్లోనే జరగొచ్చు. కార్బొరేటర్ అడుగున ఫ్లోట్ ఉండే చిన్న గిన్నెలో కొద్దిపాటి పెట్రోలు నిలవ ఉంటుంది, ఆ గిన్నె బయటి గాలికి తెరిచే ఉంటుంది. ఆవిరి కాగా మిగిలిన జిగురు అక్కడి జెట్లలో, అంటే పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాల్లో, చేరుతుంది. ఐడిలింగ్‌కు పెట్రోలు అందించే పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. మా తమ్ముడి బండి గిన్నె విప్పినప్పుడు అడుగున ఎండిన బెల్లప్పాకం లాంటి పొర కనిపించింది. మెకానిక్ వైరులోంచి ఒకే ఒక రాగి పోగు లాగి, దాన్ని జెట్‌లోకి దూర్చి, అవతలి వైపు వెలుతురు కనిపించేదాకా ఓపిగ్గా ఆడించాడు.

కాక్ ఉన్న బండ్లలో దాన్ని ఆఫ్ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగిపోయేదాకా నడిపించే పాత అలవాటు ఈ గిన్నెను ఖాళీ చేయడానికే. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బండ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో పెట్రోలు మూసి ఉన్న పైపుల్లో ఉంటుంది కాబట్టి ఈ జిగురు బెడద తక్కువ. బదులుగా పంపు ట్యాంకు లోపలే కూర్చుంటుంది. ట్యాంకు అడుగున తుప్పు, నీరు చేరితే మొదటి దెబ్బ దానికే.

ఇథనాల్ చేసే పని, చేయని పని

ఈ20 అంటే వంద పాళ్లలో 20 పాళ్లు ఇథనాల్ కలిపిన పెట్రోలు. మన దేశం 10 శాతం కలపడాన్ని 2022 జూన్‌లో అందుకుంది. ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025కల్లా దాదాపు ప్రతి బంకులోనూ దొరికే మామూలు పెట్రోలు అదే అయింది. ఆ ఏడాది ఆగస్టులో మైలేజీ మీద పెద్ద గొడవ నడిచింది. పాత బండ్లను ఈ20 కోసం తయారు చేయలేదని, బంకులో వేరే పెట్రోలు ఎంచుకునే వీలు లేదని వాహనదారులు అన్నారు. మైలేజీ తగ్గుదల స్వల్పమేనని, పరీక్షల్లో అసాధారణ అరుగుదల కనిపించలేదని పెట్రోలియం శాఖ చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు సెప్టెంబరు 1న కొట్టేసింది. నీతి ఆయోగ్ 2021 నివేదిక మాత్రం, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై 10 శాతానికి సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాల్లో ఈ20తో 3 నుంచి 4 శాతం దాకా మైలేజీ తగ్గవచ్చని అంచనా వేసింది. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోలు లీటరులో ఉండేదానికి సుమారు మూడింట రెండు వంతులే కనుక తగ్గుదల ఉండటం సహజం.

ఈ వాదనంతా నడిచే బండి గురించి. ఆగి ఉన్న బండి విషయంలో అడగాల్సిన ప్రశ్న వేరు: ఇథనాల్ నీళ్లతో ఎలా మసలుకుంటుంది?

పెట్రోలు, నీళ్లు కలవవు. ఇథనాల్ రెండిటితోనూ కలుస్తుంది. ఇథనాల్ ఉన్న పెట్రోలులో కాస్త నీరు చేరితే అది విడిగా అడుగున నిలవకుండా కరిగిపోతుంది, బండి దాన్ని కాల్చేస్తుంది కూడా. పాత రోజుల్లో ట్యాంకు అడుగున నీళ్లు నిలిచి కాక్ దగ్గర అడ్డుపడే బాధ ఇథనాల్ వల్ల కొంత తగ్గిందనే చెప్పాలి. కానీ దీనికో హద్దుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 15 డిగ్రీల దగ్గర సుమారు అర శాతం నీటిని మోయగలదు. అంటే 10 లీటర్లకు 50 మిల్లీలీటర్లు. ఇథనాల్ పెరిగితే, వేడి పెరిగితే ఆ హద్దు పెరుగుతుంది. కాబట్టి ఈ20 ఇంకా ఎక్కువ నీటిని భరిస్తుంది.

హద్దు దాటిన క్షణంలో ఇథనాల్ పెట్రోలును వదిలి నీటి పక్షం చేరిపోతుంది. నీరు, ఇథనాల్ కలిసిన బరువైన పొర అడుగుకు దిగుతుంది. పైన మిగిలింది ఇథనాల్ పోగొట్టుకున్న పెట్రోలు, దాని ఆక్టేన్ (ఇంజిన్‌లో వేళకు ముందే అంటుకోకుండా ఆగే గుణం) కూడా తగ్గుతుంది. కాక్ పెట్రోలును లాగేది అడుగు నుంచే గనక కార్బొరేటర్‌కు ముందు అందేది మండని ఆ పొరే.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. గాజు కొలపాత్రలో 90 మిల్లీలీటర్ల ఈ20 పోసి, 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి ఊపి నిలబెడితే అడుగు పొర 10 దగ్గర ఆగదు, 25 దాకా వెళ్తుంది. పోసిన నీళ్లు పదే, మిగతాది పెట్రోలులోంచి దిగొచ్చిన ఇథనాల్. వానాకాలంలో బంకుల దగ్గర తీసిన "సగం నీళ్లే" అనే వీడియోల్లో కనిపించే అడుగు పొరలోనూ ఇలాగే గణనీయమైన భాగం ఇథనాల్ అయ్యే అవకాశముంది. నీరు చేరిన మాట నిజమే, కనిపించినంత నీరు మాత్రం కాదు. బండి ఆగిపోవడానికి ఆ కొంచెమే చాలు, అది వేరే సంగతి.

నిండు ట్యాంకా, ఖాళీ ట్యాంకా

ట్యాంకు నింపమనే వాళ్ల వాదన ఇది: ట్యాంకులో ఖాళీ ఉంటే గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, రాత్రి చల్లబడగానే అది గోడల మీద చెమటలా పడుతుంది, ఇనుప ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, నీరు పెట్రోలులోకి జారుతుంది. ఈ మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూడొచ్చు.

మా తమ్ముడి బండి ట్యాంకు 12 లీటర్లది. అతను వెళ్లేనాటికి లీటరున్నర మిగిలింది. అంటే పదిన్నర లీటర్ల గాలి. 30 డిగ్రీల వద్ద గాలి పూర్తిగా తేమతో నిండి ఉంటే ఒక ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీటిఆవిరి ఉంటుంది. ఆ లెక్కన పదిన్నర లీటర్లలో ఉన్నది 0.3 గ్రాము. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు ట్యాంకు కొంచెం గాలి వదిలి కొంచెం పీల్చుకుంటుంది. 10 డిగ్రీల తేడాకు గాలి ముప్పయ్యో వంతు కుంచించుకుంటుంది. అంటే రోజుకు లోపలికి వచ్చే గాలి లీటరులో మూడో వంతు, దానిలో నీరు ఒక గ్రాములో నూరో వంతు. ఏడు నెలలకు, 210 రోజులకు, రెండు గ్రాముల పైచిలుకు. పెట్రోలు ఆవిరి కూడా వ్యాకోచిస్తుంది కాబట్టి దీన్ని ఐదింతలు చేసినా పది గ్రాములే, రెండు టీస్పూన్లు.

ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా సీసాలో నాలుగు వేళ్ల పొర రావడానికి ట్యాంకు ఊపిరి పీల్చడం సరిపోదని తేలిపోతోంది. అందులో సగం ఇథనాలే అనుకున్నా, నీళ్లు వంద మిల్లీలీటర్లకు తక్కువ ఉండవు. అవి ఇంకెక్కడి నుంచో రావాలి. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

అలాగని నింపమనే వాళ్లది తప్పుడు మాట కాదు. తుప్పు పట్టడానికి చెంచాడు నీళ్లు అక్కర్లేదు, గోడ మీద పలచటి తడి పొర చాలు. పెట్రోలులో మునిగి ఉన్న గోడకు గాలి తగలదు, బయట ఉన్న గోడకు తగులుతుంది. పైగా 12 లీటర్ల పెట్రోలు మోయగల నీటి హద్దు లీటరున్నర మోయగలదానికి ఎనిమిదింతలు. పొరలుగా విడిపోవడానికి ఎప్పుడూ దగ్గర్లో ఉండేది అడుగున కొంచెం మిగిలిన ట్యాంకే.

ఖాళీ చేయమనే వాళ్ల వాదనకూ బలముంది. ఏడు నెలల తర్వాత 12 లీటర్ల పాత పెట్రోలు మిగిలితే దాన్నేం చేయాలి? దాని ఖరీదు ₹1,300 దాకా ఉంటుంది. ఇంటి వరండాలో, పిల్లలు తిరిగే చోట, ఎండాకాలంలో నిండు ట్యాంకు ఉంచడం నిప్పుతో చెలగాటమని భయపడితే కాదనలేం. పెట్రోలు 10 డిగ్రీలకు సుమారు ఒక శాతం ఉబ్బుతుంది. తెల్లవారుజామున మూతదాకా నింపిన 12 లీటర్లు మే నెల మధ్యాహ్నం 20 డిగ్రీలు వేడెక్కితే పావు లీటరు దాకా పొంగి కారుతుంది. కాబట్టి నిండు ట్యాంకు అన్నవాళ్లు కూడా మెడ కిందికి కాస్త జాగా వదిలే చెప్తారు. నిజంగా ఖాళీ చేయడమంటే చుక్క లేకుండా ఆరబెట్టి, లోపలి గోడలకు పలచగా నూనె పట్టించడం. మా తమ్ముడు చేసినట్టు రిజర్వు దాకా వాడి వదిలేయడం ఈ రెండు పక్షాల్లో ఎవరూ మెచ్చని మూడో దారి. ప్రయాణం హడావిడిలో నూటికి తొంభైమంది చేసేది అదే.

అమెరికాలో పెట్రోలులో ఫ్యూయల్ స్టెబిలైజర్ కలుపుతారు. జిగురు తయారవడాన్ని అది ఆలస్యం చేస్తుంది. ఇప్పటికే పాడైన పెట్రోలును బాగుచేయదు, చేరిన నీటిని మాయం చేయదు.

వారానికోసారి స్టార్ట్ చేయడం వల్ల ఏం జరుగుతుంది

ఊళ్లో ఎవరినైనా అడిగితే మొదట చెప్పే మాట ఇదే. బాబాయి కూడా మొదటి రెండు నెలలు ఆదివారం ఆదివారం పాకలోకి వెళ్లి, టార్పాలిన్ ఒక అంచు ఎత్తి, సెల్ఫ్ కొట్టి, ఐదు నిమిషాలు ఉంచి ఆపేసేవాడు. కొడుకు బండి మీద ప్రేమతో చేసిన పని అది. వాయిదాలు కట్టి కొన్న బండి, కొడుకు తిరిగొచ్చేదాకా తన బాధ్యత అనుకున్నాడు.

ఆ ఐదు నిమిషాల్లో జరిగేది చూద్దాం. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరే పుడుతుంది. నమ్మబుద్ధి కాదు గాని ఇది పక్కా లెక్క. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. వేడెక్కిన సైలెన్సర్‌లోంచి అది ఆవిరిగా పోతుంది కాబట్టి మనకు కనిపించదు. చల్లటి సైలెన్సర్‌లో అదే చుక్కలుగా పేరుకుంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన బండి సైలెన్సర్ కొసన కారే నీటి చుక్కలు అవే. ఐదు నిమిషాల ఐడిలింగ్‌కు 20 మిల్లీలీటర్ల పెట్రోలు కాలిందనుకుంటే అంతే నీరు పుడుతుంది. అందులో కొంత సైలెన్సర్ అడుగున, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఇంజిన్ ఆయిల్‌లో మిగులుతుంది. దాన్ని తరిమేయాలంటే ఆయిల్ బాగా వేడెక్కాలి. అందుకు కనీసం ఇరవై ముప్పై నిమిషాలు రోడ్డు మీద నడవాలి.

బ్యాటరీ లెక్కా ఇంతే. సెల్ఫ్ మోటారు మూడు సెకన్లపాటు 50 ఆంపియర్లు లాగిందనుకుంటే 150 ఆంపియర్ సెకన్లు ఖర్చు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. ఐడిలింగ్‌లో లైటుకు పోగా బ్యాటరీకి అర ఆంపియర్ మిగిలిందనుకుంటే ఆ 150 తిరిగి రావడానికి 300 సెకన్లు, అంటే సరిగ్గా ఐదు నిమిషాలు పడుతుంది. చార్జింగ్‌లో పోయే నష్టం కలిపితే ఆదివారం పూజ నష్టంతోనే ముగుస్తుంది.

పెద్దవాళ్ల మాటలో తప్పు లేదు, అది వేరే కాలం నుంచి వచ్చింది. వాళ్లు చెప్పే "తీయడం" అంటే సంతకు వెళ్లి రావడం. పది పదిహేను కిలోమీటర్లు తిరిగొచ్చిన బండికి ఆయిల్ వేడెక్కుతుంది, గిన్నెలో పెట్రోలు మారుతుంది, క్లచ్ ప్లేట్లు అంటుకుపోవు, బ్రేక్ షూలు కదులుతాయి, టైరు ఒకే చోట నిలబడి ఉండదు. ఇంట్లో నడిపే మనిషి ఉంటే ఇంతకన్నా మంచి మార్గం ఎవరూ కనిపెట్టలేదు. నిలబెట్టి గుర్రుమనిపించడం దానికి నకలు మాత్రమే.

బ్యాటరీ ఎన్ని రోజులకు దిగుతుంది

పూర్తిగా నిండిన 12 వోల్టుల బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. 12.2కి వస్తే సగమే మిగిలినట్టు. కీ ఆఫ్‌లో ఉన్నా మీటరులోని గడియారం లాంటివి రవ్వంత కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది ఒక మిల్లీఆంపియరే అనుకుందాం. రోజుకు 24 మిల్లీఆంపియర్ గంటలు. 5 ఏహెచ్ (ఆంపియర్ గంటల) బ్యాటరీ అంటే 5,000 మిల్లీఆంపియర్ గంటలు. భాగిస్తే 208 రోజులు. మా తమ్ముడు లేనిది 210 రోజులు! జీపీఎస్ ట్రాకర్ లాంటిది పెట్టి అది 10 మిల్లీఆంపియర్లు లాగితే ఇదే బ్యాటరీ మూడు వారాల్లో చేతులెత్తేస్తుంది.

దీనికి తోడు బ్యాటరీ తనంతట తాను కూడా దిగుతుంది. 25 డిగ్రీల వద్ద నెలకు మూడు నుంచి ఐదు శాతం, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు. వైరు విప్పేస్తే గడియారం ఖర్చు ఆగుతుంది గాని ఈ ఖర్చు ఆగదు. అందుకే చలిదేశాల్లో వైరు విప్పడంతో ఊరుకోకుండా, చిన్న చార్జర్‌కు తగిలించి ఉంచుతారు. దిగిపోయిన స్థితిలో వారాల తరబడి ఉంటే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. తర్వాత ఎంత చార్జ్ చేసినా ఆ భాగం పూర్తిగా తిరిగి రాదు. మా వాడి బ్యాటరీ చార్జ్ చేస్తే 12.7 చూపించింది. హారన్ కొట్టగానే 9కి పడిపోయింది. కొత్తది కొనాల్సి వచ్చింది.

కార్బొరేటర్ బండికి కిక్ ఉంది కాబట్టి బ్యాటరీ లేకపోయినా ఆశ ఉంటుంది. ఇంజెక్షన్ బండికి పంపు, కంప్యూటర్ రెండూ కరెంటుతోనే పనిచేస్తాయి. చాలా వాటికి కిక్ కూడా లేదు. పూర్తిగా చచ్చిన బ్యాటరీతో నెట్టి స్టార్ట్ చేయడం వాటిలో సాగదు.

టార్పాలిన్, ఉప్పుగాలి

మిషిగన్‌లో ఉప్పు రోడ్డు మీద ఉంటుంది. మనకు విశాఖ బీచ్ రోడ్డులో, కాకినాడలో, మచిలీపట్నంలో, కోనసీమ తీరంలో అది గాలిలోనే ఉంటుంది. ఉప్పుకు ఒక స్వభావముంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది ఆ తేమను లాక్కుని కరిగిపోతుంది. వానాకాలంలో అన్నం బల్ల మీద ఉప్పు చెమర్చడం చూస్తూనే ఉంటాం. బండి మీద పడిన ఉప్పు రేణువూ అదే చేస్తుంది. వాన పడకపోయినా చువ్వల మీద, చైన్ మీద, సైలెన్సర్ మడతల్లో ఉప్పునీటి పొర నిలుస్తుంది. ఆపే ముందు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, చైన్‌కు నూనె పట్టించడం అక్కడా ఇక్కడా ఒకేలా పనికొచ్చే జాగ్రత్త. ఇద్దరి శత్రువూ ఒకటే గనక.

కవర్ దగ్గర మాత్రం మన అలవాటు ఎదురు తిరుగుతుంది. గాలాడని టార్పాలిన్‌ను నేలదాకా కప్పి బిగిస్తే మట్టి నేల నుంచి లేచే తేమ లోపలే తిరుగుతుంది. తెల్లవారుజామున ప్లాస్టిక్ లోపలి వైపు చెమర్చి ఆ చుక్కలు బండి మీదే పడతాయి. గాలి ఆడే గుడ్డ కవర్‌కు ఈ ఇబ్బంది లేదు, కానీ అది వానకు ఆగదు. గట్టి కప్పు కింద గుడ్డ, ఆరుబయట టార్పాలిన్ అనేది రాజీ. కురిసే పాకలో ఏది కప్పినా పూర్తి రక్షణ లేదు.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. టైర్లలో గాలి నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ చొప్పున తగ్గుతుంది, గాలి తగ్గిన టైరు నిలబడిన చోటే చదునవుతుంది. మన బండ్లకు సెంటర్ స్టాండు ఉండటం పెద్ద వరం. అది లేని బండ్లవాళ్లు అక్కడ విడిగా స్టాండు కొనుక్కుంటారు. ఇంజిన్ ఆయిల్ ఆపే ముందు మార్చాలా, తీశాక మార్చాలా అన్నది తేలని చర్చ. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ ఉంటాయి కాబట్టి ముందే అంటారు కొందరు, ఆగినన్నాళ్లూ కొత్త ఆయిల్ కూడా తేమ పీలుస్తుంది కాబట్టి తర్వాతే అంటారు ఇంకొందరు. ఎలుకలకు ఎయిర్ ఫిల్టర్ పెట్టె మంచి ఇల్లు, వైర్లు వాటికి పళ్లు నూరుకునే సరుకు. కాగితాల వైపు చూస్తే, బీమాలో సొంత డ్యామేజీ పాలసీ గడువు దాటి 90 రోజుల్లో కట్టకపోతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోతుంది. గల్ఫ్ వెళ్లిన వాళ్లలో చాలామందికి ఇది తిరిగొచ్చాకే తెలుస్తుంది.

ఆ నీళ్ల సంగతి

మెకానిక్ పొరలు చూసి ఈ20ని తిట్టలేదు. ట్యాంకు మూత తెరిచి, మూత చుట్టూ ఉండే చిన్న గాడిలో వేలు పెట్టాడు. ఆ గాడిలో ఒక మూల చిన్న రంధ్రం ఉంటుంది. మూత చుట్టూ పడ్డ వాననీరు ఆ రంధ్రంలోంచి సన్నటి గొట్టం ద్వారా ట్యాంకు కిందికి, నేల మీదికి పోవాలి. అతను గొట్టం కింది కొస పట్టుకుని ఊదాడు. గాలి వెళ్లలేదు. కొసను చిదిమితే ఎండిన మట్టి రాలింది. కందిరీగ గూడు.

పైకి చూస్తే పాక కప్పులో సరిగ్గా ట్యాంకు మీదుగా తాటాకు జారి ఆకాశం కనిపిస్తోంది. దాని కింద టార్పాలిన్ హ్యాండిల్‌కు ఒరుసుకుని చిరిగి ఉంది. జూన్ నుంచి అక్టోబరు దాకా పడిన వాన ఆ చిరుగులోంచి మూత చుట్టూ నిలిచి, పోయే దారి లేక, గట్టిపడిన రబ్బరు వాషరు పక్క నుంచి లోపలికి దిగింది. లీటరున్నర ఈ20 మోయగలిగినంత మోసి, మోయలేక విడిపోయింది.

అతను సైకిల్ చువ్వ ముక్కతో గొట్టం పొడిచి, పైనుంచి చెంబుడు నీళ్లు పోశాడు. నీళ్లు కింద నేల మీద పడ్డాయి. బాబాయి ఒంగి గొట్టం కొసను కాసేపు చూసి, నిచ్చెన కోసం వెళ్లాడు.